క్విగ్ గారు వెయ్యొద్దన్న బంతి

నేను వేలు చూపిస్తే తల అడ్డంగా ఊపే పిచర్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు. పదిహేనేళ్లకు పైగా బేస్‌బాల్ క్యాచర్‌గా బ్యాట్స్‌మన్ వెనకాల గొంతుక్కూర్చుని, పిచర్ విసిరే బంతులు పట్టీ పట్టీ మోకాళ్లు రెండూ అరగదీసుకున్నవాణ్ణి. ఎదుటివాడి పాదాలు ఎటు తిరిగాయో, వాడు ఏ బంతి కోసం ఆశగా చూస్తున్నాడో నాకు అక్కణ్ణుంచే తెలిసిపోతుంది. ఒక వేలు చూపిస్తే వేగం బంతి. రెండు వేళ్లయితే కర్వ్, అంటే దారిలో వంగి కిందికి దిగే బంతి. నాలుగు వేళ్లూ ఆడిస్తే నెమ్మది బంతి. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? నేను అడిగింది వెయ్యడమే పిచర్ పని. తల ఊపాడంటే, ఈ ముసలాడికి ఏం తెలుసులే అని ఊరందరి ముందూ చాటినట్టే.

నా పేరు హార్లన్ ప్రూయిట్. ముప్పై నాలుగేళ్లు. మా టెనెసీ కొండల్లో ఈ వయసువాణ్ణి కుర్రాడనే అంటారు కానీ, చిన్న జట్లలో ఇది కాటికి కాళ్లు చాపుకున్న వయసు. పిల్లలంతా నన్ను ‘తాతా’ అని పిలుస్తారు. ఆ ఆగస్టులో పైన్‌బర్గ్ హెరన్స్ జట్టు క్యాచర్ వేలు విరిగిందని, పై మెట్టు జట్టులో బెంచీ మీద ఈగలు తోలుకుంటున్న నన్ను బస్సెక్కించి ఇక్కడికి దింపారు. హెరన్స్ అంటే కొంగలు. టోపీల మీద ఒంటికాలి కొంగ బొమ్మ. జట్టు ఆట చూస్తే ఆ కొంగ జపం చేసుకోవడమే తప్ప చేపను పట్టే రకం కాదని మొదటి రోజే అర్థమైంది.

శనివారం ఆట అయ్యాక మేనేజర్ బర్ల్ టాలివర్ నన్ను తన గదిలోకి పిలిచాడు. కుర్రతనంలో నేనూ వాడూ ఒకే గదిలో అద్దెకున్నాం. ఇప్పుడు వాడికి బట్టతల, నాకు మోకాలి పట్టీలు.

"ఏరా, మోకాళ్లు బతికున్నాయా?" అన్నాడు.

"నా మోకాళ్లకేం? నీ జట్టే చచ్చినట్టుంది."

"నోరు మాత్రం అరగలేదురా నీకు. తలుపు వెయ్యి." వాడు నవ్వలేదు. "గ్రాఫ్టన్ వచ్చాడు చూశావా?"

చూడకేం? ఎమ్మెట్ గ్రాఫ్టన్‌ని చూడనట్టు నటించడం తప్ప చూడకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. పెద్ద జట్టు కింద ఎన్ని చిన్న జట్లున్నాయో అన్నిటి పిచర్లనూ తూచేది ఆయనే. ఎవడు పైకి వెళ్లాలి, ఎవడు ఇంటికి పోవాలి అన్నది ఆయన నోటి మాట. బ్యాట్స్‌మన్ వెనక వలకి అవతల మూడో వరసలో కూర్చుంటాడు. ఒళ్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం, చేతిలో వేగం కొలిచే రాడార్ తుపాకీ. ఎవడు ఎంత బాగా వేసినా, ఎంత చెడగొట్టినా బెల్లం కొట్టిన రాయిలా అలాగే ఉంటాడు. అది వాళ్ల వృత్తిధర్మం. మొహంలో ఏ మాత్రం కనిపించినా పిచర్ దాన్నే చూస్తూ వేస్తాడని వాళ్ల భయం. ఇరవై నుంచి ఎనభై దాకా మార్కులేస్తారు. ఇరవై అంటే మూటాముల్లే సర్దుకోమని. ఎనభై మాత్రం వాళ్లమ్మ వచ్చి బంతి వేసినా ఇవ్వరు.

"రేపు ఫ్రీసెన్ వేస్తాడు. వాడికి ఇదే ఆఖరి ఆట. సోమవారం పొద్దున చెప్పి పంపించేస్తాం. వాడి చెవిన వెయ్యకు" అన్నాడు బర్ల్.

"ఏ ఫ్రీసెన్? కాన్సస్ నుంచి వచ్చిన గోధుమ రైతు కొడుకేనా? అబ్రామ్ ఫ్రీసెన్? ఆ కర్వ్ వేసేవాడా?"

"కర్వా? వాడికి కర్వ్ ఎక్కడిది? వేగం ఒకటి, నెమ్మది ఒకటి. అంతే. ఆ రెండిటితోనే తిప్పితిప్పి వేస్తాడు. రెండోసారి బ్యాటింగ్‌కి వచ్చేసరికి అవతలివాళ్లు గుర్తుపట్టి ఉతికి ఆరేస్తారు. పాపం, పిల్లాడు మంచివాడే. ఎదురుమాట్లాడడు, తాగడు, ఆలస్యంగా రాడు. ఏం చేస్తాం? మంచితనానికి మార్కుల్లేవు కదా."

నేను నా ఎడం చేతి బొటనవేలు చూసుకున్నాను. అది ఇప్పటికీ కొంచెం పక్కకు వంగే ఉంటుంది. మొన్నటేడు మార్చిలో, శిక్షణ శిబిరంలో, మూల మైదానంలో అప్పటికి ఊరూపేరూ తెలియని ఈ ఎడమచేతి కుర్రాడికే బంతులు పట్టమన్నారు నన్ను. అప్పుడే పొలం నుంచి వచ్చినట్టు మెడ వెనక ఎర్రగా కాలిపోయి ఉన్నాడు. వాడు వేసిన మొదటి కర్వ్ నా తల మీదుగా పోతుందనుకుని లేచాను. అది నడి దారిలో అటకమీంచి కుండ పడ్డట్టు దబ్బున కిందికి దిగి నా బొటనవేలు విరగ్గొట్టింది. నొప్పితో తిట్టాను కానీ, లోపల మాత్రం పండగ చేసుకున్నాను. అలాంటి బంతి జీవితంలో రెండు మూడు సార్లే పట్టి ఉంటాను.

మరి ఆ బంతి ఏమైంది? బర్ల్‌ని అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ పిచర్ల చేతుల్లోంచి బంతులు అలాగే పోతుంటాయి. మోచెయ్యి దెబ్బతింటుంది, లేదా ఒక పొద్దున లేచేసరికి వేళ్లు మరిచిపోతాయి. పోయిందాని గురించి అడిగితే పుండు మీద కారం చల్లినట్టవుతుంది. ఎవరమూ అడగం. నేనూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎండ పెనం మీద పెట్టి కాల్చినట్టుంది. ఫ్రీసెన్ నన్ను చూసి టోపీ అంచు తాకి పక్కకు తప్పుకున్నాడు. ఆట వేసే రోజున పిచర్‌తో ఎవరూ మాట్లాడకూడదన్నది మా కట్టుబాటు. వాడు ఒంటరిగా కూర్చుంటాడు, ఒంటరిగా తింటాడు. పలకరిస్తే వాడి ఊపు పోతుందని నమ్మకం. మిగతావాళ్లయితే ఏదో ఒక సైగ చేసి నవ్వుతారు, వీడు అదీ చెయ్యడు. ఆదివారాలు ఆడటానికి తమ చర్చి పెద్దల దగ్గరికి వెళ్లి, కారణాలు చెప్పి, అనుమతి తెచ్చుకున్న బాపతు అని విన్నాను. ఎడం జేబులో ఎప్పుడూ ఒక బంతి ఉంటుంది. భోజనం దగ్గర కూడా చెయ్యి ఆ జేబులోనే. "ఫ్రీసెన్ గుడ్డు పొదుగుతున్నాడు, ఎవరూ కదిలించకండి" అని పిల్లలు ఏడిపిస్తుంటే నవ్వి ఊరుకుంటాడు.

ఆటకు ముందు చెయ్యి వేడెక్కించుకోవడానికి వేసినప్పుడు ఒక్క కర్వ్ కూడా వెయ్యలేదు. దాచుకుంటున్నాడేమో అనుకున్నాను. ఆశ చావదు కదా.

మొదటి ఇన్నింగ్స్‌లో మొదటివాడికి రెండు వేళ్లు చూపించాను. ఫ్రీసెన్ తల అడ్డంగా ఊపాడు. సరే కొత్త పరిచయం కదా అని ఒక వేలు చూపించాను. వేగం వేశాడు, బ్యాట్స్‌మన్ దాన్ని కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాతివాడికి మళ్లీ రెండు వేళ్లు. మళ్లీ తల ఊపాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎలాగో ఇద్దరు అవుటయ్యారు. అప్పుడు వచ్చాడు హాస్కిన్స్, అవతలి కోల్‌టన్ జట్టు భీముడు. వాడి చేతిలో బ్యాటు పళ్లు కుట్టుకునే పుల్లలా ఉంటుంది. నోరు బ్యాటు కన్నా పెద్దది.

"ఏం తాతా, ఇంకా బతికే ఉన్నావా? లేవడానికి చెయ్యి ఇవ్వమంటావా?"

"నీ పెళ్లి భోజనం తిన్నాకే పోతానులే. అంటే ఇంకా చాలా కాలం ఉంటాను."

రెండు వేళ్లు చూపించాను. తల ఊపాడు. మళ్లీ రెండు వేళ్లే చూపించాను, తొడ మీద కొట్టి మరీ. మళ్లీ ఊపాడు! చివరికి నెమ్మది బంతి వేశాడు. బంతి మంచిదే, బాగానే తగ్గి వచ్చింది. కానీ రెండిట్లో ఒకటి తప్ప మూడోది రాదని తెలిసినవాడికి ఎంత మంచిదైతే ఏం లాభం? హాస్కిన్స్ దాని కోసమే నిలబడి, స్టేడియం అవతల రైలు పట్టాల మీదికి పంపించాడు. వాళ్లకు రెండు పరుగులు.

"వాడి దగ్గర ఇంకో బంతి లేదా తాతా? కావాలంటే మా వాళ్లని అడిగి అప్పిస్తాను" అంటూ ఊగుతూ పోయాడు.

నేను మొహం మీది ముసుగు పీకేసి పిచర్ నిలబడే దిబ్బ దగ్గరికి గబగబా నడిచాను. ఆట మధ్యలో క్యాచర్‌కి ఆ హక్కుంది. మాట్లాడకూడదన్న కట్టుబాటు అక్కడ వర్తించదు. వర్తించినా ఆగేవాణ్ణి కాదు.

"ఒరే, నా వేళ్లు కనిపిస్తున్నాయా లేదా? రెండు! రెండంటే ఏంటో మీ కాన్సస్‌లో చెప్పలేదా?"

"కనిపిస్తున్నాయి తాతా."

"మరి తల ఎందుకురా ఊపుతున్నావు? పోయిందా ఆ బంతి? పోతే పోయిందని చెప్పు, నేను అడగను."

"పోలేదు" అన్నాడు. "వెయ్యకూడదు."

"ఎవరన్నారు?"

"క్విగ్ గారు."

నాకు ఒక్క క్షణం ఆ పేరే తట్టలేదు. తర్వాత తట్టింది. లూథర్ క్విగ్. గ్రాఫ్టన్ కన్నా ముందు ఆ కుర్చీలో ఉన్నవాడు.

"ఏమన్నాడు?"

"మొదటేడు నా మోచెయ్యి వాచింది తాతా. క్విగ్ గారు వచ్చి చూసి, కర్వ్ ఆపెయ్, నెమ్మది బంతి నేర్చుకో, నేను మళ్లీ చెప్పేదాకా కర్వ్ వెయ్యకు అన్నారు. సరేనని మాటిచ్చాను."

"మోచెయ్యి ఇప్పుడూ నొప్పా?"

"లేదు. పోయినేడు ఈస్టర్‌కే తగ్గిపోయింది."

"మరి?"

"ఆయన ఇంకా చెప్పలేదు."

చేతిలో ముసుగు నేలకేసి కొట్టాను. "ఒరే నాయనా, క్విగ్ ఈ సంస్థలోనే లేడురా! పోయినేడు చలికాలమే వేరే జట్టుకి వెళ్లిపోయాడు! నువ్వు చచ్చినా వాడు చెప్పడు. నీ కర్వ్ మూలపడితే వాడికే లాభం!"

"తెలుసు తాతా. వెళ్లిపోయారని పేపర్లో చూశాను."

"కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరికైనా చెప్పావా?"

"అడగలేదు. చెయ్యి నొప్పా అన్నారు, లేదన్నాను. ఏమేం వేస్తావు అన్నారు, వేసేవి చెప్పాను."

వేసేవి చెప్పాడట! అంటే గ్రాఫ్టన్‌కి తెలియదు, బర్ల్‌కి తెలియదు. పాత దొర చెప్పే ఉంటాడని కొత్త దొర అనుకున్నాడు, కొత్త దొర చెబుతాడని వీడు అనుకున్నాడు. మధ్యలో ఏడాదిన్నర పాటు ఈ పిల్లాడు ఒక చెయ్యి వెనక్కి కట్టేసుకుని కుస్తీ పడుతున్నాడు. అందరూ కలిసి వాడికి బలం చాలదని తీర్పు రాసేస్తున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను చెబుతున్నా, వెయ్యి" అన్నాను.

"మీరు క్యాచర్ కదా తాతా" అన్నాడు, ఎంతో మర్యాదగా. "మాటిచ్చింది క్విగ్ గారికి. ఆయనైనా చెప్పాలి, ఆయన కుర్చీలో ఉన్నవాళ్లైనా చెప్పాలి."

అంపైర్ మా దగ్గరికి వచ్చేశాడు. "ఏంటి, ఇక్కడేమైనా సంత పెట్టారా? ఆట ఆడతారా, టీ తెప్పించమంటారా?"

ఎలాగో ఆ మూడో అవుట్ అయ్యింది. బెంచీకి రాగానే బర్ల్‌కి చెప్పాను. వాడు నమలుతున్న పొగాకు సగం మింగేశాడు. దగ్గు ఆగాక నేరుగా ఫ్రీసెన్ దగ్గరికి వెళ్లి, ఆట రోజు పిచర్‌తో మాట్లాడకూడదన్న కట్టుబాటును కాలదన్ని, "వెయ్యరా బాబూ, నేను మేనేజర్ని, నేను చెబుతున్నా" అన్నాడు. ఫ్రీసెన్ తువ్వాలు మొహం మీంచి తీసి, "క్విగ్ గారు మీకు పై అధికారి కదండీ" అన్నాడు. బర్ల్ నా వైపు చూశాడు. వాడి బట్టతల ఎర్రబడింది.

"సోమవారం నిన్ను ఇంటికి పంపిస్తున్నార్రా, వెధవా!" అనేశాను. చెవిన వెయ్యొద్దన్న మాట అది. నోరు జారలేదు, కావాలనే అన్నాను. "ఈ ఆటతో నీ పని సరి. ఒకసారి పంపించారంటే ఇంకే జట్టూ పిలవదు. తెలుస్తోందా?"

ఫ్రీసెన్ మొహం తెల్లబోయింది. జేబు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టుకున్నాడు. బంతి అక్కడ లేదు. ఆట బట్టలకు జేబుండదు. "ఇచ్చిన మాట అవసరం వచ్చినప్పుడు తప్పేదైతే ఇవ్వడమెందుకు తాతా" అన్నాడు.

అప్పుడే వాడి మీద నా కోపమంతా దిగిపోయింది. ఇలాంటి పిల్లాణ్ణి పోగొట్టుకుంటే మమ్మల్ని మించిన మూర్ఖులు ఉండరు అనుకున్నాను.

రెండో ఇన్నింగ్స్‌కి మైదానంలోకి వెళ్తూనే నేను నా చోటికి పోకుండా నేరుగా వల దగ్గరికి నడిచాను. వెనకనుంచి అంపైర్ అరిచాడు. "ప్రూయిట్! ప్రేక్షకులతో మాట్లాడితే జరిమానా!"

"రాసుకో! నా పేరు చివర రెండు ‘టి’ అక్షరాలు, సరిగ్గా రాయి!"

గ్రాఫ్టన్ కాయ వలుస్తూ నన్ను చూశాడు. ఆట మధ్యలో ఆయన్ని ఆటగాడు పలకరించడం నేనెరిగినంతలో ఎప్పుడూ జరగలేదు. చుట్టూ పిచర్లను చూడటానికి వేరే జట్ల నుంచి వచ్చినవాళ్లు నలుగురు రాడార్ తుపాకులు పట్టుకుని చెవులు రిక్కించారు. వింటే విననీ అనుకున్నాను.

"గ్రాఫ్టన్ గారూ, ఆ పిల్లాడికి కర్వ్ ఉంది. క్విగ్ వెయ్యొద్దన్నాడు, మోచెయ్యి నొప్పని. నేను చెప్పేదాకా వద్దన్నాడట. తగ్గి ఏడాది దాటింది. చెప్పేవాడు లేక వెయ్యడం లేదు."

గ్రాఫ్టన్ నోట్లోకి వెళ్లబోతున్న కాయ ఆగిపోయింది. "ఎప్పటినుంచి?"

"మీరు ఈ పదవిలోకి రాకముందు నుంచీ."

ఆయన మొహం కదలడం నేను చూశాను. ఆయన్ని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను కానీ అదే మొదటిసారి. "క్విగ్ పెట్టిన ఆంక్షలన్నీ నేను వచ్చిన వారంలోనే ఎత్తేశానయ్యా. అన్ని జట్లకీ ఎవరో ఒకరు చెప్పి ఉంటారనుకున్నాను" అన్నాడు.

"ఆ ఎవరో ఒకరు ఇంకా పుట్టలేదు. నేను చెబితే వినడు, బర్ల్ చెబితే వినడు. క్విగ్ కుర్చీలో ఉన్నవాళ్లే చెప్పాలట."

గ్రాఫ్టన్ లేచాడు. ఒళ్లో పొట్లం కిందపడి కాయలన్నీ మెట్ల మీద దొర్లాయి. మూడు వరసలు దిగి, వలను రెండు చేతులతో పట్టుకుని, ఆ మనిషి, ఎవరైనా తుమ్మినా తల తిప్పని ఆ మనిషి, గొంతు చించుకుని అరిచాడు.

"ఫ్రీసెన్! మోచెయ్యి ఎలా ఉందిరా?"

స్టేడియమంతా గప్‌చుప్. దిబ్బ మీద ఫ్రీసెన్ టోపీ తీశాడు. "బాగుందండీ!"

"నొప్పి లేదా? ఒట్టు?"

"లేదండీ! ఒట్టు!"

"అయితే నేను చెబుతున్నా! కర్వ్ వెయ్యి!"

జనానికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు కానీ, ఏదో మంచే జరుగుతోందని మాత్రం తెలిసింది. పైవరసలో ఐస్ అమ్మే ఆవిడ ఈల వేసింది. నేను గబగబా వచ్చి నా చోట కూర్చున్నాను. ఫ్రీసెన్ టోపీ పెట్టుకుని, వేళ్లు బంతి కుట్టు మీద సర్దుకుని, ఆటకు ముందు మచ్చుకు ఒకటి వేశాడు.

అది నా తల మీదుగా, అంపైర్ తల మీదుగా పోయి, గ్రాఫ్టన్ ముక్కు ముందున్న వలకి ధడేలుమని తగిలింది. ఆయన కెవ్వుమని వెనక్కి పడబోయాడు. అవతలి బెంచీలో హాస్కిన్స్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాతా, అదేనా మీ బ్రహ్మాస్త్రం? వాళ్ల దొర మీదికే వేస్తున్నాడు!"

ఆట మొదలైంది. వచ్చినవాడికి రెండు వేళ్లు చూపించాను. ఈసారి తల ఊపలేదు. బంతి నా దాకా రాకముందే నేలకు తగిలి ఛాతీ మీదికి లేచింది. ఏడాదిన్నర తుప్పు మరి. తప్పు చేశామా అనిపించింది. మాట కట్టు విప్పాం కానీ చేతి కట్టు ఎవరు విప్పుతారు? అయినా మళ్లీ రెండు వేళ్లే చూపించాను. చూపించకపోతే నన్ను నేను క్షమించుకోలేను.

ఆ బంతి బ్యాట్స్‌మన్ చెవి వైపు బయల్దేరింది. వాడు మోకాళ్లు మడిచి, తల దాచుకుని వెనక్కి వాలాడు. బంతి నడి దారిలో ఆగి, ఆలోచించుకుని, దబ్బున దిగి, వాడి నడుము ముందు నుంచి వచ్చి నా చేతిలో పడింది. బొటనవేలు చివుక్కుమంది. అదే నొప్పి! మార్చిలో మూల మైదానంలో పడ్డ నొప్పే! అబ్బ, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"స్ట్రైక్!" అన్నాడు అంపైర్, బ్యాట్స్‌మన్‌కి ఒక తప్పు లెక్కవేస్తూ. తర్వాత ముసుగు లోపలినుంచి, నాకొక్కడికే వినపడేలా, "ఇదెక్కడ దాచారయ్యా ఇన్నాళ్లూ?" అన్నాడు.

"గుడ్డులో" అన్నాను. నాకప్పుడే వెలిగింది మరి. జేబులో ఆ బంతిని వాడు ఏ పట్టుతో పట్టుకుని తిరుగుతున్నాడో. వెయ్యొద్దన్నారు కానీ పట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఏడాదిన్నర అన్నం తింటూ, బస్సులో నిద్రపోతూ కూడా వేళ్లు ఆ కుట్టు మీదే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఆట కాదు, జాతర. వచ్చినవాడు వచ్చినట్టే బ్యాటు ఈడ్చుకుంటూ వెనక్కి పోయాడు. ఒకడైతే మూడోసారి తప్పాక నా వైపు తిరిగి, "ఇది న్యాయం కాదు తాతా, మొదట్లో వీడికి ఇది లేదు కదా" అని దాదాపు ఏడ్చాడు. వేరే జట్లవాళ్లు తుపాకులు వదిలేసి లేచి నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకడు ఎవరికో ఫోన్ చెయ్యడానికి మెట్లు ఎక్కి పరుగెత్తడం కూడా చూశాను. మా కొంగలు కూడా జపం మానేసి ఎలాగో మూడు పరుగులు లాగాయి. అందులో నా బ్యాటు చేసిన పుణ్యం ఏమీ లేదు.

ఆఖరి ఇన్నింగ్స్. మాకు మూడు, వాళ్లకు రెండు. ఇద్దరు అవుట్. ఒకడు రెండో బేస్ మీద. బ్యాటుతో ఎవరు? హాస్కిన్సే. ఇప్పుడు వాడు నన్ను తాతా అనలేదు. అసలేమీ అనలేదు.

మొదటి కర్వ్‌కి వాడు గాలిని కొట్టాడు. వేగం బంతి ఒకటి పక్కకు పోయింది. రెండో కర్వ్‌కి మళ్లీ గాలినే కొట్టి, టోపీ కింద పడేసుకున్నాడు. ఇక ఒక్కటి తప్పితే వాడు అవుట్, ఆట మాది. రెండు వేళ్లు చూపించాను. దీనికి ఆలోచనెందుకు? పిడుగు చేతిలో ఉండగా పుల్లతో కొట్టేవాడెవడు?

ఫ్రీసెన్ తల అడ్డంగా ఊపాడు.

నేను నమ్మలేదు. చెమట తుడుచుకోవడానికేమో అనుకుని మళ్లీ రెండు వేళ్లు చూపించాను. మళ్లీ ఊపాడు. మెల్లగా, మర్యాదగా, కదలకుండా నిలబడి. ఒక వేలు చూపించాను. దానికీ ఊపాడు. మిగిలింది నెమ్మది బంతి ఒక్కటే. రైలు పట్టాల మీదికి పోయిన బంతి అదే! ఇంటికి పోయే రాత రాసింది అదే! లేచి వెళ్లి వాడి మెడ పట్టుకోవాలనిపించింది. కానీ వాడి కళ్లు చూశాను. ఏడాదిన్నర పాటు ఒకరి మాట కోసం కాచుకున్నవాడు, ఇప్పుడు మొదటిసారి ఎవర్నీ అడక్కుండా నిలబడ్డాడు. నా నాలుగు వేళ్లూ వాటంతటవే ఆడాయి.

ఫ్రీసెన్ చెయ్యి కర్వ్ వేసేటప్పటిలాగే తిరిగింది. హాస్కిన్స్ అది దిగుతుందని నడుము వంచి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బ్యాటు ఊపాడు. బంతి ఇంకా దారిలోనే ఉంది. నింపాదిగా, ఆదివారం చర్చికి వెళ్లే ముసలమ్మలా వస్తోంది. హాస్కిన్స్ ఊపు ఆపుకోలేక ఒక చుట్టు తిరిగి రెండు మోకాళ్ల మీద నా పక్కన కూలబడ్డాడు. బంతి అప్పుడొచ్చి నా చేతిలో వాలింది.

"లేవడానికి చెయ్యి ఇవ్వమంటావా నాయనా?" అన్నాను.

వాడు నా మొహం వంక చూసి, ఆపుకోలేక నవ్వేశాడు. నేను దిబ్బ వైపు పరుగెత్తాను. ఈ మోకాళ్లతో పరుగెత్తానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. ఫ్రీసెన్‌ని ఎత్తి పట్టుకున్నాను. జట్టంతా మా మీద పడింది. ఉప్పునీళ్లు మొహమంతా కారుతుంటే చెమటే అనుకోనిచ్చాను.

బట్టలు మార్చుకునే గదిలో గోల మధ్య బర్ల్ తలుపు తీసి, "ఫ్రీసెన్, లోపలికి రా" అన్నాడు. గది చల్లబడిపోయింది. మేనేజర్ అలా పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా సరే తమ బూట్ల వంక చూసుకుంటారు. అది మా దగ్గర ఇంటికి పంపే పిలుపు. ఫ్రీసెన్ లేచి, జేబులో బంతి పెట్టుకుని లోపలికి వెళ్లాడు. వెనకే నేనూ వెళ్లాను. నన్నెవరూ పిలవలేదు.

లోపల గ్రాఫ్టన్ నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఇంకా శనక్కాయ తొక్కులున్నాయి. "రేపు పొద్దున బస్సు" అన్నాడు.

"అలాగేనండీ" అన్నాడు ఫ్రీసెన్. తల వంచుకున్నాడు.

"అలాగేంటి అలాగే? పై మెట్టు జట్టుకి రా! కాన్సస్‌కి కాదు!"

ఫ్రీసెన్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. అప్పుడు అడిగింది చూడండి. "కర్వ్ ఎప్పటిదాకా వెయ్యొచ్చండీ?"

గ్రాఫ్టన్ దగ్గరికొచ్చి వాడి ఎడం భుజం మీద చెయ్యి వేశాడు. "నేనున్నా వెయ్యి. నన్ను తీసేసినా వెయ్యి. నా తర్వాత ఎవడొచ్చి కూర్చున్నా వెయ్యి. నొప్పి పుడితే మాత్రం అడక్కముందే నోరు తెరిచి చెప్పు. ఈ మాట నీకు నేనిస్తున్నాను. నా మాట పోనివ్వకు."

వాడు తల నిలువుగా ఊపాడు. ఇంక ఆ పిల్లాడి కళ్ల వంక నేను చూడలేదు.

వాడు బయటికి వెళ్లగానే గదిలో పిల్లలు వేసిన కేకలకి గోడ మీది కొంగ పటం కిందపడింది. గ్రాఫ్టన్ నా వైపు తిరిగాడు. పిచర్ సంగతి క్యాచర్ని అడగడం వాళ్ల పద్ధతి. "నీ లెక్కలో ఎంతయ్యా? కర్వ్‌కి నేను డెబ్భై వేశాను."

"కర్వ్‌కి మీ ఇష్టం. నేను వేరేదానికి వేస్తాను. ఎనభై."

"ఎనభై ఎవరికీ ఇవ్వం ప్రూయిట్, నీకు తెలుసు. దేనికి?"

"ఆఖర్న నన్ను కాదని తల ఊపాడు చూశారా," అన్నాను, "దానికి."